గొళ్లెం చప్పుడు దగ్గర మొదలుపెట్టండి
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. ఇంట్లో హింసనో, చిన్ననాటి లైంగిక వేధింపునో దాటుకొచ్చినవాళ్లు, లేదా అలాంటివారి తరఫున రాయదలచినవాళ్లు, ఆ కథను ఆత్మకథగానో సినిమా స్క్రిప్టుగానో ఎలా రాయాలని అడిగారు. ఒక స్క్రిప్టు రచయిత, ఒక పుస్తక సంపాదకురాలు, ఒక న్యాయవాది, ఒక కౌన్సెలర్ కలిసి జవాబులు రాశారు. ఉత్తరాలు రాసినవారి పేర్లు వేయడం లేదు, ఊళ్లు కూడా మార్చాం.

ప్రశ్న: పదకొండేళ్ల కాపురం వదిలి వచ్చి రెండేళ్లయింది. నా కథ రాస్తే నాలాంటి వాళ్లకు ధైర్యం వస్తుందనిపిస్తుంది. కానీ కూర్చుంటే రెండో పేజీకే చెయ్యి వణుకుతుంది, ఆ తర్వాత రెండు రాత్రులు నిద్ర ఉండదు. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఓ పాఠకురాలు, విజయనగరం

మీరు పంపిన రెండు పేజీలూ చదివాం. అన్నిటికన్నా ఘోరమైన రాత్రితో మొదలుపెట్టారు. చాలామంది అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఆ రాత్రిని ఆఖరున రాయండి. పుస్తకంలో అది ఎక్కడ రావాలన్నది తర్వాతి సంగతి, రాసే వరుస వేరే ఉండొచ్చు.

ముందు ఆ ఇంట్లో ఉన్న వస్తువులూ చప్పుళ్లూ ఒక కాగితం మీద రాసుకోండి. గేటు గొళ్లెం, బండి ఆగిన చప్పుడు, గ్యాస్ స్టవ్ నాబ్, ఫ్రిజ్ మీది క్యాలెండర్... ఓ ఇరవై రాస్తే చాలు. రోజుకొకటి తీసుకుని దాని గురించే రాయండి. "ఆయన నన్ను చాలా హింసించేవాడు" అన్న వాక్యం చదివినవాళ్లు జాలిపడి పేజీ తిప్పేస్తారు. "గొళ్లెం ఒకసారి మోగితే మామూలు రోజు. రెండుసార్లు మోగితే టీవీ కట్టేసి పిల్లల్ని లోపలి గదిలోకి పంపేదాన్ని" అని రాస్తే చదివేవాళ్లు ఆ ఇంట్లోకి వచ్చి మీ పక్కన నిలబడతారు. ఇప్పటికీ అలాంటి ఇంట్లో ఉన్న ఆమె అయితే 'మా ఇంట్లోనూ అంతే' అనుకుంటుంది. మీరు ఇద్దామనుకున్న ధైర్యం అక్కడ మొదలవుతుంది.

ఇక చెయ్యి వణకడం గురించి. పగటిపూట రాయండి, పడుకునే ముందు వద్దు. ఫోనులో ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకోండి. మోగగానే వాక్యం సగంలో ఉన్నా ఆపేసి, కింద "రేపు ఇక్కడి నుంచి" అని ఒక్క ముక్క రాసి పుస్తకం మూసేయండి. సగం వాక్యం మర్నాడు చెయ్యి పట్టుకుని లాక్కెళుతుంది, కొత్తగా ధైర్యం కూడగట్టుకోనక్కర్లేదు. లేవగానే చేతులకు పని చెప్పండి: అంట్లు తోమడం, మొక్కలకు నీళ్లు పోయడం, బియ్యం ఏరడం. రాసిన వెంటనే తిరిగి చదవకండి, కనీసం వారం ఆగండి. మరీ కష్టమైన ఘట్టాన్ని ముందు "ఆమె" అని రాసి, నెల తర్వాత "నేను"గా మార్చండి. మార్చేటప్పుడు ఏ వాక్యం దగ్గర కలం ఆగుతుందో అక్కడ మీరింకా చెప్పని మాట ఒకటి ఉన్నట్టు.

అమెరికాలో పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమ బాధాకరమైన అనుభవాల గురించి రాయించారు. రాసిన వెంటనే వాళ్ల మనసు మరింత బరువెక్కింది. తర్వాతి నెలల్లో మాత్రం ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. అంటే రాసిన రోజు బాధగా ఉండటం మీ తప్పూ కాదు, రాయలేరనడానికి గుర్తూ కాదు. కానీ ఆ విద్యార్థులు ప్రమాదంలో ఉన్నవాళ్లు కారు, రాసింది నాలుగు రోజులే. మీకు వరుసగా మూడు రాత్రులు నిద్ర పట్టకపోయినా, జరిగినది మళ్లీ ఇప్పుడే జరుగుతున్నట్టు అనిపించినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా రాత పక్కన పెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు తీసుకోరు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పుస్తకం ఏడాది ఆలస్యమైతే ఏమీ కాదమ్మా.

ప్రశ్న: నేనింకా ఆ ఇంట్లోనే ఉన్నాను. జరిగేవన్నీ ఫోను నోట్స్‌లో రాస్తున్నాను. ఎప్పటికైనా పుస్తకం చేయాలని ఆశ. ఆయన అప్పుడప్పుడు నా ఫోను చూస్తారు. – ఓ సోదరి, ఖమ్మం

పుస్తకం గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ ఫోను సంగతి చూడండి.

మీ నోట్స్ ఏ జీమెయిల్‌తో ముడిపడి ఉందో చూడండి. అదే జీమెయిల్ ఇంట్లో ట్యాబ్‌లోనో, పిల్లల ఆన్‌లైన్ క్లాసుల ల్యాప్‌టాప్‌లోనో తెరిచి ఉంటే, మీ ఫోనుకు తాళం వేసినా రాత అక్కడ కనిపిస్తుంది. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైజెస్' తెరిచి మీకు తెలియని కంప్యూటరేదైనా ఉందేమో చూడండి. చాలామందికి తట్టనిది కీబోర్డు. మీరు తరచూ టైపు చేసే మాటలు అది నేర్చుకుంటుంది. ఆయన మీ ఫోనులో రెండక్షరాలు కొట్టగానే "కేసు" అనో "వెళ్లిపోతా" అనో పైన చూపిస్తుంది. ఇవి తెలిశాయి కదా అని ఒక్కరోజులో పాస్‌వర్డులన్నీ మార్చేయకండి, అన్నీ చెరిపేయకండి. ఆ హఠాత్తు మార్పే అనుమానానికి దారితీసి గొడవ పెంచుతుంది. ఇక మీదట రాసేది ఆ ఫోనులో రాయకపోతే చాలు. ఆఫీసు బల్ల సొరుగులోనో, నమ్మకమైన స్నేహితురాలి ఇంట్లోనో ఒక నోటు పుస్తకం ఉంచి అక్కడే రాసి అక్కడే వదిలి రండి. ఇంట్లో బీరువా, బియ్యం డబ్బా, పిల్లల బ్యాగు వద్దు. వెతికేవాళ్లు మొదట అక్కడే వెతుకుతారు.

రెండు పుస్తకాలు పెట్టుకోండి. ఒకటి మనసు కోసం, రేపు సాహిత్యమయ్యేది. ఇంకోటి కోర్టు కోసం. ఈ రెండోదాంట్లో తేదీ, సమయం, ఏం చేశాడు, ఏ మాట అన్నాడు, ఎవరు చూశారు, దెబ్బ ఎక్కడ తగిలింది, ఏ డాక్టరు చూశారు అన్నవే ఉండాలి. ఒక్కో సంఘటనకు నాలుగైదు లైన్లు చాలు. పోలికలు, ఊహలు, "నాకనిపించింది"లు ఇందులో వద్దు. రెండూ కలిపి రాస్తే రేపు ఎదుటి వకీలు సాహిత్యపు వాక్యం ఒకటి పట్టుకుని మొత్తం కల్పించి రాసిందంటాడు. దెబ్బల ఫోటో తీస్తే అసలు ఫైలును అలాగే ఉంచండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది, ఎప్పుడు తీసిందో చెప్పే వివరాలు పోతాయి. భారతీయ సాక్ష్య అధినియమ్ (పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో వచ్చిన చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతచేయాలి, కాబట్టి ఫోటో తీసిన ఫోను కూడా పారేయకండి. ఆసుపత్రిలో "బాత్రూంలో జారిపడ్డాను" అనకండి. చీటీ మీద పడే ఆ ఒక్క మాట మూడేళ్ల తర్వాత మీకు ఎదురు నిలుస్తుంది.

మహిళా హెల్ప్‌లైన్ 181కి ఏ వేళయినా ఫోన్ చేయొచ్చు. సఖి కేంద్రంలో వైద్యం, న్యాయ సలహా, పోలీసు సాయం, కౌన్సెలింగ్ ఒకేచోట దొరుకుతాయి, అయిదు రోజుల దాకా ఉండటానికి చోటిస్తారు. 2005 గృహహింస చట్టం కింద కొట్టడం ఒక్కటే హింస కాదు. తిట్టడం, డబ్బు చేతికివ్వకపోవడం, ఇంట్లోంచి గెంటడం అన్నీ వస్తాయి. ఆ చట్టం కింద ప్రభుత్వం నియమించే ప్రొటెక్షన్ ఆఫీసర్ ద్వారా మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెడితే, మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లోపు వేయాలని ఆ చట్టమే చెబుతోంది.

ప్రశ్న: చిన్నప్పుడు దగ్గరి బంధువు ఒకాయన నన్ను లైంగికంగా వేధించాడు. ఇప్పుడు నాకు 41. మగపిల్లల మీద జరిగేది ఎవరూ రాయరని నేను రాస్తున్నాను. పేరు మారిస్తే చాలా? అమ్మ మాత్రం "మన పరువేం కాను" అంటోంది. – ఓ పాఠకుడు, గుంటూరు

పేరు మారిస్తే చాలదు. "మా చిన్న మేనమామ, ఫలానా ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టారు" అని రాశాక ఆయనకు ఏ పేరు పెట్టినా ఊరంతా గుర్తుపడుతుంది. పరువునష్టానికి కూడా పేరే ఉండాలని లేదు, తెలిసినవాళ్లు గుర్తుపట్టగలిగితే చాలు. ఉద్యోగం, ఊరు, అన్నదమ్ముల సంఖ్య, ఒంటి మీది గుర్తులు మార్చేయండి. మార్చకూడనివి ఆయనకూ మీకూ ఉన్న వయసు తేడా, ఇంట్లో ఆయనకున్న గౌరవం, మిమ్మల్ని మచ్చిక చేసుకున్న పద్ధతి. చదివే తల్లిదండ్రులకు పనికొచ్చేది ఆ పద్ధతే. దాన్ని మసకబారిస్తే పుస్తకం రాసి లాభం లేదు.

మార్చినవన్నీ ఒక పట్టికగా రాసి పెట్టుకోండి. కంప్యూటరులో 'ఫైండ్ – రీప్లేస్' కొట్టి ఊరుకోకండి, తెలుగులో అది ఘోరంగా దెబ్బతీస్తుంది. "రాముడు" అని వెతికి మారిస్తే "రాముణ్ణి", "రాముడికి" అలాగే మిగిలిపోతాయి. "రాజు"ను మారిస్తే "మహారాజు" కూడా మారి కూర్చుంటుంది. విభక్తులన్నీ విడివిడిగా వెతికి, ఆఖరున కాగితం మీద ప్రింటు తీసి, ఆ పేరు కోసమే మరొకరి చేత చదివించండి.

చట్టం సంగతి. క్రిమినల్ పరువునష్టం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 356వ సెక్షన్, రెండేళ్ల దాకా శిక్ష. నిజమైనది, ప్రజాహితం కోసం చెప్పినది అయితే అది పరువునష్టం కాదని ఆ సెక్షనే మొదటి మినహాయింపు ఇచ్చింది. ఈ రెండూ కలిసి ఉండాలి. అందుకే ముందుమాటలో ఎందుకు రాస్తున్నారో నాలుగు లైన్లు స్పష్టంగా రాయండి. సివిల్ దావాకు గడువు ప్రచురించిన నాటి నుంచి ఏడాది. లైంగికంగా వేధించాడని బయటపెట్టిన జర్నలిస్టు ప్రియా రమణి మీద మాజీ కేంద్రమంత్రి ఎం.జె. అక్బర్ వేసిన పరువునష్టం కేసులో ఢిల్లీ కోర్టు 2021 ఫిబ్రవరి 17న ఆమెను నిర్దోషిగా విడిచిపెడుతూ, దశాబ్దాల తర్వాత కూడా, తనకు నచ్చిన వేదిక మీద, తన బాధ చెప్పుకునే హక్కు స్త్రీకి ఉందంది. అది కింది కోర్టు తీర్పు, అన్ని కోర్టులూ పాటించి తీరాలని లేదు. అయినా మీలాంటివారి వకీళ్లకు పనికొచ్చే తీర్పు.

మీ ఉత్తరంలో మమ్మల్ని ఆపేసిన మాట ఒకటుంది: "మా పెద్దమ్మ కూతురికీ ఇలాగే జరిగింది." ఆ వాక్యం పుస్తకంలో ఉండకూడదు. మీ కథ చెప్పుకునే హక్కు మీది, ఆమె కథ ఆమెది. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెడితే న్యాయ సంహిత 72 కింద రెండేళ్ల దాకా జైలు. పిల్లల విషయంలో పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) 23 కింద ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పేరు రాయకపోయినా, దూరంగానైనా గుర్తుపట్టే వివరం ఏదీ ప్రచురించకూడదని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ సొంత పేరుతో వేయడానికి మాత్రం ప్రచురణకర్తకు సంతకంతో అనుమతి లేఖ ఇవ్వండి, వాళ్లు అడగకపోయినా.

ఆ బంధువు ఇప్పటికీ పిల్లల మధ్య తిరుగుతున్నాడా? అయితే పుస్తకం దాకా ఆగకండి. పిల్లల మీద నేరం జరిగిందని, జరగబోతోందని తెలిసినవారు తెలియజేయాలని పోక్సో 19 అంటోంది. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

అమ్మగారిని అనుమతి అడగకండి. కాదన్నారంటే మీ ఇద్దరి మధ్య అదో గోడవుతుంది. పుస్తకం అచ్చుకు వెళ్లడానికి ముందు ఫలానా నెలలో వస్తోందని, అందులో ఆవిడ గురించి ఏ పేజీల్లో ఉందో చెప్పి, ఆ పేజీలు చేతికివ్వండి. బజారులో ఎవరో ఆపి అడిగితే తెలుసుకోవడం కన్నా అది ఆవిడకు మేలు.

ప్రశ్న: విడాకుల కేసు ఫ్యామిలీ కోర్టులో నడుస్తోంది. ఒక పత్రిక నా కథను సీరియల్‌గా వేస్తామంటోంది. – నెల్లూరు

ఇప్పుడు వద్దు. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఆ విచారణ రహస్యంగా జరగాలి, దానికి సంబంధించినదేదీ అచ్చువేయకూడదు. జరిమానా వెయ్యి రూపాయల లోపే, అసలు నష్టం అది కాదు. మీ ప్రతి వాక్యమూ ఎదుటివాళ్ల చేతికి వెళుతుంది, పిల్లల కస్టడీ అడిగేటప్పుడు ముందుకొస్తుంది. రాయడం ఆపకండి, అచ్చు మాత్రం ఆపండి.

ప్రశ్న: సినిమా రచనా శాఖలో అసిస్టెంటును. గృహహింస మీద సొంత స్క్రిప్టు రాస్తున్నాను. ఒక సంస్థ ద్వారా పరిచయమైన ఆమె తన కథంతా చెప్పారు. అనుమతి ఎలా తీసుకోవాలి? దర్శకుడేమో కొట్టే సీను గట్టిగా ఉండాలంటున్నారు. – హైదరాబాద్

కథ చెప్పడం వేరు, వాడుకోవడానికి ఒప్పుకోవడం వేరు. మీరు నిర్మాతకు మొదటి నెరేషన్ ఇవ్వకముందే కాగితం మీద ఒప్పందం ఉండాలి, ఆమె చదవగల భాషలో, ఆమె తరఫున ఒక వకీలు చూసి. ఏ సంఘటనలు వాడుకుంటారు, ఏవి వాడరు అన్నది విడిగా రాయండి. "ఇది వద్దు" అని ఆమె అన్నవాటికి కారణం అడగకండి. ట్రీట్‌మెంట్ (డైలాగులు లేకుండా సీన్ల వారీగా రాసిన కథ) అయ్యాక ఒకసారి, డైలాగ్ వెర్షన్ అయ్యాక ఒకసారి ఆమెకు ఇచ్చి, చదవడానికి పదిహేను రోజులు గడువు పెట్టండి. ఏ దశ దాకా ఆమె వెనక్కి తగ్గొచ్చో రాయండి. సినిమా ఆగిపోయినా ఆమెకు రావలసిన డబ్బు రావాలి. ప్రెస్‌మీట్‌కు, ఆడియో ఫంక్షన్‌కు రావాలన్న షరతు ఉండకూడదు, యూనిట్‌లో ఎవరూ ఆమె ఊరూ పేరూ ఎక్కడా సూచించకూడదు. మామూలుగా బెడిసికొట్టేది ఎక్కడంటే, ఈ మాటలన్నీ మీకూ ఆమెకూ మధ్యే ఉంటాయి. స్క్రిప్టు నిర్మాతకు అమ్మాక ఆయన్ను అవి కట్టిపడేయవు. అందుకే నిర్మాతతో చేసే ఒప్పందంలో ఇవే షరతులు మళ్లీ రాయించండి.

ఆమెను కలిసేటప్పుడు చోటు ఆమె చెప్పినది, సమయం గంటకు మించనిది. "ఎందుకు వెళ్లిపోలేదు" అని అడగకండి. "ఆ రోజు వెళితే ఏమయ్యేది" అని అడగండి. మొదటి ప్రశ్న ఆమెను బోనులో నిలబెడుతుంది. రెండోదానికి వచ్చే జవాబులో మీకు సీన్లు దొరుకుతాయి: చేతిలో బస్సు చార్జీ లేకపోవడం, పిల్లాడి టీసీ, అమ్మానాన్నలు "సర్దుకుపో" అనడం, పెద్దమనుషుల పంచాయితీ.

ఇక కొట్టే సీను. 1991 సెన్సారు మార్గదర్శకాలు స్త్రీల మీద లైంగిక హింస దృశ్యాలు వద్దంటాయి. కథకు తప్పనిసరైతే వీలైనంత తగ్గించి, వివరాలు చూపకుండా తీయాలంటాయి. పెద్దల తోడుతో పిల్లలు చూడొచ్చనే యూఏ సర్టిఫికెట్ కూడా ఇప్పుడు 7, 13, 16 ఏళ్ల అంచెలుగా విడిపోయింది. కానీ దర్శకుడికి సెన్సారు కారణం చెప్పకండి, మంచి సీను రాసి చూపించండి. దెబ్బ పడుతుంటే ప్రేక్షకుడి కన్ను కొట్టేవాడి చేతి మీద ఉంటుంది, ఆమె కేవలం దెబ్బ తగిలే ఒళ్లయిపోతుంది. మర్నాటి ఉదయానికి కెమెరా తీసుకెళ్లండి:

సీన్ 31. లోపల – వంటగది – ఉదయం.
ఆమె కుడిచేతికి కట్టు. ఎడమచేత్తో టిఫిన్ డబ్బా మూత తీయబోతుంది, రాదు. ఏడేళ్ల కూతురు వచ్చి, ఏమీ అడగకుండా, డబ్బాను తన పొట్టకు ఆనించి పట్టుకుంటుంది. మూత వస్తుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు.
కూతురు: టీచర్ అడిగితే బాత్రూంలో జారిపడ్డావనే చెప్పాలా?

ఇందులో చెయ్యెత్తినవాడు లేడు. ఆ ఇంట్లో ఇది ఎన్నోసారో మాత్రం సినిమా హాల్లో అందరికీ తెలిసిపోతుంది.

సీన్ ఆర్డర్‌లో ఇంకో పొరపాటు మాటిమాటికీ కనిపిస్తుంది. ఆమె గడప దాటడమే క్లైమాక్స్, పాట, శుభం. నిజానికి విడిపోయే సమయంలోనూ, విడిపోయిన మొదటి నెలల్లోనూ ప్రమాదం పెరుగుతుంది. గడప దాటడాన్ని ఇంటర్వెల్ దగ్గర పెట్టి చూడండి. అద్దె ఇల్లు దొరకకపోవడం, స్కూలు గేటు దగ్గర అతను నిలబడటం, వాయిదాల మీద వాయిదాలు, మొదటిసారి తాళం వేసుకుని నిద్రపోయిన రాత్రి — సెకండాఫ్ నిండా కథే.

నిడివి గురించి ఒక్కమాట. స్క్రిప్టులో ఒక పేజీ తెర మీద ఒక నిమిషం అనే 'పేజీకి నిమిషం' లెక్క ఇంగ్లీషు 'కొరియర్' ఫాంటుకు పుట్టింది. తెలుగు ఫాంటులో అది కుదరదు. స్టాప్‌వాచ్ పెట్టుకుని సీన్లు పైకి చదువుకోండి.

ప్రశ్న: స్క్రిప్టు రిజిస్ట్రేషన్ ఎక్కడ? – తెనాలి

తెలుగు సినీ రచయితల సంఘంలో గానీ, ముంబయిలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో గానీ చేయించుకోవచ్చు. కాపీరైట్ కార్యాలయంలో సాహిత్య రచనకు ఫీజు 500 రూపాయలు, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. రిజిస్టర్ కాకపోయినా హక్కు మీదే, ఇవి తేదీకి సాక్ష్యం. హక్కులు రాసిచ్చేటప్పుడు ఎన్నేళ్లకు, ఏ ప్రాంతానికి అన్నది తప్పక రాయించండి. రాయకపోతే చట్టం అయిదేళ్లు, భారతదేశం అని తీసుకుంటుంది.

ప్రశ్న: నా పుస్తకం వచ్చి ఆరు నెలలు. రాత్రి పన్నెండింటికి కూడా ఎవరెవరో స్త్రీలు తమ కథలు మెసేజ్ చేస్తున్నారు. జవాబివ్వకపోతే పాపం అనిపిస్తోంది, ఇస్తుంటే నేను కుంగిపోతున్నాను. – రాజమహేంద్రవరం

మీ పుస్తకం ఆ ఇళ్లలోకి వెళ్లిందన్నమాట. అందుకు సంతోషించండి. కానీ మీరు హెల్ప్‌లైన్ కాదు, కానక్కర్లేదు.

తర్వాతి ముద్రణలో ఆఖరి పేజీ మీద 112 (అత్యవసర సాయం), 181, 1098, 14416 నంబర్లు పెద్ద అక్షరాల్లో వేయించండి. మొదటి పేజీలో "ఈ పుస్తకంలో కొట్టడం, లైంగిక దాడి వర్ణనలున్నాయి, ఫలానా అధ్యాయాలు వదిలి చదివినా కథ తెలుస్తుంది" అని ఒక మాట ఉండనివ్వండి. మెసేజ్‌లకు రోజుకు అరగంట, పగటిపూట పెట్టుకోండి. మిగతా వేళల్లో ఆటోమేటిక్ జవాబు వెళ్లేలా చూసుకోండి. అది ఆమె ఫోనులో ఇంకెవరి కంటైనా పడొచ్చు కాబట్టి అందులో పుస్తకం పేరూ హింస మాటా లేకుండా "మీ మెసేజ్ అందింది, రేపు చూస్తాను" అన్నంతే ఉండాలి.

మీరు స్వయంగా రాసేటప్పుడు మూడు వాక్యాలు చాలు: "మీరు చెప్పింది నమ్ముతున్నాను. ఇందులో మీ తప్పు లేదు. ఏ వేళలో మెసేజ్ చేస్తే మీకు ఇబ్బంది ఉండదు?" ఆమె జవాబిచ్చాక 181 సంగతి చెప్పండి. "వెంటనే బయటికొచ్చేయ్" అని మాత్రం రాయకండి. ఎక్కడికి, ఏ డబ్బుతో, పిల్లలతో ఎలా అన్నది మీకు తెలియదు, సిద్ధం కాకుండా వస్తే ప్రమాదం. మీ అంతట మీరు ఫోన్ చేయకండి, ఎత్తేది ఆయన కావచ్చు. ప్రాణం మీదికొచ్చిందని మెసేజ్‌లో ఉంటే మాత్రం అరగంట నియమం పక్కన పెట్టి, 112కు చేయమని వెంటనే రాయండి. ఆ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, పేరు చెరిపేసినవైనా, ఎక్కడా పెట్టకండి. రాసే తీరును బట్టి మనిషిని గుర్తుపట్టేవాళ్లు ఇంట్లోనే ఉంటారు.

పుస్తక పరిచయ సభలకు వెళ్లినప్పుడు నిర్వాహకులతో ముందే మాట్లాడుకోండి. ప్రశ్నలు చీటీల మీద రాసివ్వాలి, ఆ సమయంలో వీడియో ఆపేయాలి, తలుపు దగ్గర నాలుగు కుర్చీలు ఖాళీగా ఉంచాలి. మధ్యలో లేచి వెళ్లాలనిపించినవాళ్లు ఎవరి మోకాళ్లూ దాటకుండా వెళ్లగలగాలి.